నూలుపోగు వెంట: మాధవాయపాలెము నుండి సావర్ వరకు

ఇంగ్లీషు నిఘంటువులను ఓపికతో తిరుగవేయు అలవాటున్నవారికి "మడపొల్లం" అను మాట యొకటి కనబడును. మెత్తని తెల్ల నూలుగుడ్డ అని దాని కర్థము వ్రాసియుందురు. ఆ గుడ్డను కట్టుకొనిన దొరసానులకు ఆ పేరు పుట్టుక తెలిసియుండదు. మన పిల్లలకును తెలియదు. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురమునకు చేరువనున్న మాధవాయపాలెమే ఆ మడపొల్లం. 17వ శతాబ్దమున ఇంగ్లీషు వర్తకులు అచ్చట కోఠీ పెట్టి, చుట్టుప్రక్కల పల్లెలలో నేసిన బట్టను కొని ఓడల కెక్కించిరి. ఊరి పేరు బట్టకు పేరయ్యెను. కాలక్రమమున ఊరిని లోకము మరచినది గాని పేరు మాత్రము నిఘంటువులో నిలిచిపోయినది.

ఇట్టి మాటలు మరికొన్ని కలవు. "కాలికో" అనునది కేరళమునందలి కోళిక్కోడు రేవు పేరు. "చింట్జ్" అనునది హిందుస్థానీ "ఛీంట్" నుండి వచ్చినది. "బందానా" అను రుమాలు పేరు వెనుక ముడులు వేసి రంగద్దెడి పని యున్నది. ఒక జాతి మరియొక జాతి సరకును కొన్నప్పుడు సరకుతోపాటు మాటను గూడ మూటగట్టుకొని పోవును.

నేడు "ప్రపంచీకరణము" అను మాట బడిపుస్తకములలోనికి వచ్చినది. అది 1991వ సంవత్సరపు ఆర్థిక సంస్కరణలతో మన దేశమునకు వచ్చిన క్రొత్త వింత యని విద్యార్థులు తలచుచున్నారు. కొందరు ఉపాధ్యాయులు దానిని వరమని చెప్పుదురు; కొందరు శాపమని చెప్పుదురు. పరీక్షలో లాభములు అయిదు, నష్టములు అయిదు వ్రాసినచో మార్కులు వచ్చును. కాని లాభ మెవరిది, నష్ట మెవరిది అను ప్రశ్న ఆ పట్టికలో ఇమడదు. ఒక్క నూలుపోగును చేతబట్టుకొని నాలుగు వందల సంవత్సరముల దారి నడచిచూచినచో ఆ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును. ఆ దారిలో తొలి మజిలీ మన తీరముననే కలదు.

మచిలీపట్టణపు రేవు

1605వ సంవత్సరమున డచ్చి వర్తకులు మచిలీపట్టణమున కోఠీ నెలకొల్పిరి. 1611లో "గ్లోబ్" అను ఇంగ్లీషు ఓడ ఆ తీరమునకు వచ్చెను. అప్పటికే అది గోల్కొండ సుల్తానుల రాజ్యమునకు ముఖ్యమైన రేవు. పారసీక వర్తకులు అచ్చట స్థిరపడి యుండిరి. "కలంకారీ" అను మాటయే పారసీకము. కలము అనగా లేఖిని, కారీ అనగా పని.

డచ్చివారు మొదట వెదకుచు వచ్చినది బట్టను గాదు, సుగంధద్రవ్యములను. జావా, మలుకు మొదలగు దీవులలో మిరియము, లవంగము, జాజికాయ పండించువారికి ఐరోపా ఉన్నిగుడ్డతో పని లేదు. ఆ ఉక్కపోతలో ఉన్ని ఎవరు కట్టుకొందురు? వా రడిగినది కోరమాండలు తీరపు నూలుబట్ట. కావున డచ్చివారు వెండి తెచ్చి మన తీరమున బట్ట కొనిరి. ఆ బట్ట యిచ్చి దీవులలో లవంగము కొనిరి. ఆ లవంగమును తమ దేశమున అమ్మిరి. ఒక బేరము లోపల మరొక బేరము, దాని లోపల ఇంకొకటి. కృష్ణా తీరమున మగ్గముపై కూర్చున్న నేతగాని కండె ఆడినగాని ఆంస్టర్‌డాం వంటయింట లవంగపు వాసన రాదు.

ఆ బట్టలో నేమి విశేషము? రంగు. ఉన్నికిని పట్టుకును రంగు వేయుట ఐరోపావారికి తెలియును గాని నూలుపై ఉతికినను పోని రంగును నిలుపుట వారికి చేతగాలేదు. మనవారి పద్ధతి ఓపిక గలది. గంజి తీసిన గుడ్డను కరక్కాయ రసమును, గేదెపాలును కలిపిన నీట ముంచి యెండబెట్టుదురు. కరక్కాయ రంగును పట్టుకొనును. పాలలోని కొవ్వు రంగు చెదరి ప్రాకకుండ ఆపును. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి తీసిన ద్రవముతో నల్లని గీతలు గీయుదురు. ఎరుపు కావలసినచోట పటికనీరు అద్ది, పిమ్మట చిరివేరు వేసిన కాగులో ఉడికింతురు. కృష్ణా ముఖద్వారపు ఇసుకనేలలలో పెరిగిన చిరివేరునకు ఆ కాలమున గొప్ప పేరుండెను. అటుపై పారెడి నీటిలో ఉతుకుట, ఇసుకతిన్నెపై ఆరవేయుట, నీలి వేయుట, మరల ఉతుకుట. ప్రత్తి రైతు, నూలు వడికిన స్త్రీ, నేతగాడు, చాకలి, అద్దకపువాడు, ఇందరి చేతులు దాటి ఒక తాను ఓడ నెక్కెడిది.

ఈ చేతులకు వచ్చిన వెల యెంత, వర్తకునకు మిగిలిన దెంత అను విషయమున మోసపోరాదు. నాడును దళారి కలడు, బయానా కలదు, అప్పు కలదు. అయినను రేవులో కొనువారు పలువురుండిరి. డచ్చివాడు తక్కువ యిచ్చినచో ఇంగ్లీషువాడు, ఇంగ్లీషువాడు కాదన్నచో పారసీకుడు. బయానా తిరిగి యిచ్చి వేరొకరికి నేయుదునని చెప్పగల స్థితి నేతగానికి కొంత యుండెను. "కాదు" అనగల శక్తి యది. ఈ కథ యంతటను ఆ శక్తి యెచ్చట నున్నదో, ఎచ్చట లేదో పాఠకులు గమనింతురుగాక.

లండను వీథులలో అలజడి

మన అద్దకపు వస్త్రములు ఐరోపాలో దిగినంతనే అచ్చటి స్త్రీలు వానిని మోజుపడి కొనిరి. ఉన్నికంటె తేలిక, పట్టుకంటె చవుక, ఉతికినకొలది నిగారింపు. రాణివాసమునుండి పనికత్తె గదివరకు అవి ప్రాకెను. దానితో అచ్చటి ఉన్ని నేతవారికి, పట్టు నేతవారికి పని తగ్గెను. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు నూలుబట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు నడచెను. ఇంగ్లండు 1700లో శాసనము చేసి, హిందూదేశమునుండియు పారసీకమునుండియు చైనానుండియు వచ్చు అద్దకపు నూలుబట్టలను స్వదేశమున వాడుటకై దిగుమతి చేయరాదనెను.

తెల్లని గుడ్డను దింపుకొని తమ దేశముననే అద్దువారు పుట్టుకొనివచ్చుటచే నేతవారి కష్టము తీరలేదు. 1719లో లండనునందలి స్పిటల్‌ఫీల్డ్సు పట్టు నేతవారు వీథులలోనికి వచ్చిరి. అద్దకపు గౌను తొడుగుకొని పోవు స్త్రీలపై బడి బట్టలు చింపిరి, సిరా చల్లిరి. రాబిన్‌సన్ క్రూసో కథ వ్రాసిన డేనియల్ డిఫో ఆ బట్టలకు వ్యతిరేకముగా కలము పట్టెను. 1721లో రెండవ శాసనము వచ్చెను. అద్దకపు నూలుబట్టను కట్టుకొనుటయే నేరమయ్యెను.

నేడు పడమటి దేశములవారు స్వేచ్ఛావాణిజ్యమును గూర్చి ఉపన్యసించునప్పుడు ఈ శాసనములను స్మరించుట మనకు సహజము. కాని స్పిటల్‌ఫీల్డ్సు నేతగాని దౌర్జన్యమును తప్పుపట్టుచునే అతని ఆకలిని గూడ చూడవలెను. అతడును మగ్గముపై బ్రదికినవాడే. మచిలీపట్టణపు నేతగానిని అతడు కన్నెత్తి చూడలేదు; వీనిపై అతనికి వైరము లేదు. ఎన్నడు కలిసికొనని ఇద్దరు పేదలను ఒకరి యన్నమునకు ఒకరిని అడ్డముగా నిలిపినది వర్తకము. తేడా ఒక్కటే. లండను నేతగాడు కేక వేసినచో పార్లమెంటు వినెను. కృష్ణా తీరపు నేతగాని కేక వినుటకు ఆ పార్లమెంటులో చెవి లేదు.

రుమాలు చేసిన రెండు పనులు

ఆ శాసనములో నొక సందు కలదు. అద్దకపు బట్టను ఇంగ్లండులో వాడరాదు గాని, దింపుకొని మరల పరదేశములకు ఎగుమతి చేయవచ్చును. ఎచ్చటికి? ప్రధానముగా పశ్చిమాఫ్రికా తీరమునకు, అమెరికా వలసలకు.

ఇచ్చట కథ చీకటిలోనికి దిగుచున్నది. పశ్చిమాఫ్రికా తీరమున మనుష్యులను కొనుటకు ఐరోపా ఓడలు తీసికొనిపోయిన సరకులలో హిందూదేశపు నూలుబట్టలు ముఖ్యమైనవి. తుపాకులు, సారాయి, ఇత్తడి, గవ్వలు, వానితోపాటు కోరమాండలు తీరపు నీలిబట్టలు, గళ్ళబట్టలు. ఆ బట్ట యిచ్చి బానిసలను కొనిరి. ఆ బానిసలచే అమెరికా దీవులలో చెరకు పండించిరి. మన పల్లెలో దీపపు వెలుగున నేసిన గళ్ళగుడ్డ సముద్రములకావల నొక మనుజుని వెలయయ్యెను. నేసిన చేయి అది యెరుగదు. ఎరుగనందున దోషము లేదందుమా? దోషము లేదు గాని దుఃఖము కలదు. సరకు దూరదేశమునకు పోయినప్పుడు అది యేపనికి వినియోగపడునో చేసినవాని కెన్నడును తెలియదు. లోకవాణిజ్యమునకు ఇది పుట్టుకతో వచ్చిన లక్షణము.

ఆ రుమాలే మరియొక పనియు చేసినది. నైజరు నది సముద్రమున గలియుచోట కలబారీ అను జాతివారు కలరు. మన తీరమునుండి పోయిన గళ్ళబట్టను వారు "ఇంజిరి" అని పిలుతురు. యానాము చేరువ నున్న ఇంజరము గ్రామమున ఈస్టిండియా కంపెనీ బట్టల కోఠీ యుండెను. ఆ యూరి పేరే కలబారీలో ఇంజిరి అయియుండునని ఊహించిన పరిశోధకులు కలరు. "మద్రాసు రుమాలు" అను పేర ఇరువదవ శతాబ్దములో గూడ చీరాల మొదలగుచోట్ల నేసిన గళ్ళబట్టలు నైజీరియాకు పోయెను.

కలబారీ స్త్రీలు ఆ బట్టను వచ్చినది వచ్చినట్లు కట్టుకొని ఊరకుండలేదు. సూదిమొనతో ఎన్నుకొన్న పోగులను పైకెత్తి, వాడికత్తితో కోసి, లాగివేయుదురు. పోగులు తీసివేసినచోట క్రొత్త రూపములు తేలును. గుడ్డ జల్లెడవలె మెత్తబడును. దీనిని "పెలెటె బిటె" అందురు. కోసిన గుడ్డ అని దాని యర్థము. పెద్దకర్మలలోను ఉత్సవములలోను అది గౌరవవస్త్రము. పరదేశపు గుడ్డను తమ చేతితో తమదిగా చేసికొనిరి. కరీబియను దీవులలో బానిసల సంతతివారు అదే గళ్ళబట్టను తలపాగాగా చుట్టుకొనిరి. సెయింట్ లూసియా, డొమినికా మున్నగు దీవులలో నేడు "మద్రాస్" జాతీయవేషములో భాగము. ఏ బట్ట తమ పూర్వులకు వెలకట్టెనో ఆ బట్టనే వారు తమ గౌరవమునకు గురుతు చేసికొనిరి. ఇట్టి చిత్రము వర్తకపు లెక్కల పుస్తకమున కనబడదు.

మద్రాసు గళ్ళబట్టకు మరియొక విచిత్రపు ఘట్టము కలదు. 1950వ దశాబ్దాంతమున అది అమెరికాలో చొక్కాలుగా అమ్ముడుపోయెను. ఉతికిన నీటిలో రంగు కారుచున్నదని కొన్నవారు ఫిర్యాదు చేయగా, వర్తకులు ఆ లోపమునే గుణముగా చాటి, రంగు కారునని హామీ యిచ్చుచు అమ్మిరి. లోకమున ప్రకటనకు ఎంత శక్తి కలదో తెలియుటకు ఇది చాలును.

రాట్నము మూగవోయిన విధము

1765–66 ప్రాంతమున ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. అంతవరకు పలువురు కొనువారిలో నొకడైనవాడు పాలకుడయ్యెను. కొనువాడే పాలకుడైనప్పుడు బేరమేముండును? కంపెనీ బయానా తీసికొన్న నేతగాడు ఇతరులకు నేయరాదు. వెల కంపెనీ నిర్ణయించును. తాను ఆలస్యమైనచో బంట్రోతు వచ్చి గుమ్మములో కూర్చుండును, వాని బత్తెము గూడ నేతగానిదే. ఆ శతాబ్దాంతమునను తరువాతి శతాబ్దారంభమునను సర్కారులలో నేతవారు గుమిగూడి పని మాని మొరపెట్టుకొన్న సంఘటనలు కంపెనీ దస్తరములలోనే కలవు. "కాదు" అనగల శక్తి పోయినది యంత్రము వచ్చినపిమ్మట గాదు, అంతకు ముందే.

యంత్రము తరువాత వచ్చెను. నూరు పౌనుల ప్రత్తిని వడకుటకు హిందూదేశపు చేతి రాట్నముపై 50,000 గంటల శ్రమ కావలెననియు, 1780 ప్రాంతపు క్రాంప్టన్ యంత్రముపై 2,000 గంటలు చాలుననియు, 1825 నాటికి 135 గంటలకు దిగెననియు ఆర్థికచరిత్రకారులు లెక్కగట్టిరి. ఈ మూడు అంకెలను నల్లబల్లపై వ్రాసి చూపినచో పారిశ్రామిక విప్లవమును గూర్చి వేరే పాఠము చెప్పనక్కరలేదు. 1813లో హిందూదేశముతోడి వర్తకమున కంపెనీ గుత్తాధికారము రద్దయ్యెను. మాంచెస్టరు నూలును, మాంచెస్టరు బట్టయు మన రేవులలో కుప్పలుగా దిగెను.

మర నూలు వచ్చి నేతగానిని చంపెనని మనము చెప్పుకొందుము. అది సగము నిజము. నేతగాడు చవుకైన మర నూలునే కొని నేసి, సన్నబడిన కూలితో నైనను బ్రదికెను. నేటికిని మగ్గము మిగిలియున్నది. మొదట చచ్చినది వడకుట. వడకుట యెవరి పని? ఇంటిలోని ఆడువారిది, విధవలది, వృద్ధురాండ్రది, బయటికి పోయి కూలి చేయుటకు ఆచారము గాని ఆరోగ్యము గాని ఒప్పనివారిది. తెల్లవారుజామున రాట్నము ముందు కూర్చుండి సంపాదించిన ఆ కొలదిపాటి డబ్బులు వారికి స్వంతము. రాట్నము ఆగినపుడు వారు ఊరేగింపు చేయలేదు. అర్జీ పెట్టినవారు మిక్కిలి అరుదు. కావున చరిత్రలో వారి పేరు లేదు. లోకవాణిజ్యపు దెబ్బ తగిలినప్పుడు పెద్ద కేక వేసినవారే మిక్కిలి నష్టపోయినవారని తలచరాదు. నోరు లేనివారి నష్టము నిశ్శబ్దముగా జరిగిపోవును.

మాంచెస్టరు వైభవమునకు గూడ పునాది బానిసత్వమే. అచ్చటి మిల్లులకు ప్రత్తి అధికభాగము అమెరికా దక్షిణ రాష్ట్రములనుండి, బానిసల చేతులనుండి వచ్చెడిది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రాగా ప్రత్తి ఆగెను. లాంకషైరు మిల్లు కూలీలు లక్షలకొలది పస్తులుండిరి. అదే సమయమున మన దేశమున ప్రత్తి ధర ఆకాశమునకు ఎగసి, 1865లో యుద్ధము ముగియగానే కూలెను. ఒక ఖండమున తుపాకి పేలినచో మూడవ ఖండములోని రైతు ఋణపత్రముపై సంతకము చేయు రోజులు అప్పుడే వచ్చెను.

ఆ కష్టకాలమున ఒక సంఘటన జరిగెను. 1862 డిసెంబరు 31న మాంచెస్టరు కార్మికులు సభ చేసి, బానిసత్వ నిర్మూలనమునకు తమ మద్దతు తెలుపుచు అబ్రహాం లింకనుకు లేఖ వ్రాసిరి. యుద్ధము ఆగినచో తమకు పని దొరకును. ఆ సంగతి వారెరుగుదురు. ఎరిగియు బానిసల పక్షమున నిలిచిరి. 1863 జనవరిలో లింకను వారికి ప్రత్యుత్తరము వ్రాసెను. తాము వడకెడి ప్రత్తి వెనుక నున్న మనిషిని చూడగలిగిన కార్మికులు వారు. మాంచెస్టరు కార్మికులందరును అట్లే తలచిరని చెప్పరాదు గాని, కొందరైనను అట్లు తలచిరనుట మానవజాతికి గౌరవము.

ఇనుపపెట్టె, కోటా, కుట్టుయంత్రము

1869లో సూయజు కాలువ తెరచిరి. మరుసటి సంవత్సరమే లండనునకు బొంబాయికిని సముద్రపు తంతి కలిసెను. ఆ పిమ్మట వర్తకపు వేగమును మార్చిన వస్తువు చూచుటకు మిక్కిలి సామాన్యమైనది, ఒక ఇనుపపెట్టె. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అను లారీ వ్యాపారి "ఐడియల్ ఎక్స్" అను ఓడలో 58 పెట్టెలను అమెరికాలోని న్యూఆర్కునుండి హూస్టనునకు పంపెను. విడి సరకును ఓడ కెక్కించుటకు టన్నునకు 5 డాలర్ల 86 సెంట్లు అగుచుండగా, పెట్టెలలో 16 సెంట్లు మాత్రమే అయ్యెనట. రేవు కూలీల జీవనము పెక్కు దేశములలో తలక్రిందులయ్యెను. దూరము మాత్రము చవుకయ్యెను. చొక్కాకు గుడ్డ ఒక దేశమున, గుండీలు ఒక దేశమున, కుట్టు మరొక దేశమున జరిపించినను గిట్టుబాటగుట ఈ పెట్టె వలననే.

ఇక కోటా. 1974లో ధనికదేశములు బట్టల దిగుమతికి దేశమున కింత యని హద్దులు పెట్టెను. 1721 నాటి శాసనమునకు ఇది దూరపు చుట్టము. కొరియావంటి దేశముల కోటా నిండినందున, కోటా నిండని దేశముల కొరకు వర్తకులు వెదకిరి. బంగ్లాదేశ్ కనబడెను. 1979లో దేశ్ గార్మెంట్స్ అను సంస్థ 130 మంది పనివారిని కొరియాకు పంపి దేవూ సంస్థలో శిక్షణ యిప్పించెను. వారిలో పలువురు తరువాత స్వంతముగా కర్మాగారములు పెట్టిరి. 2004 చివరితో ఆ కోటాలు అంతరించినను పరిశ్రమ అంతరింపలేదు, పెరిగెను. నేడు ఆ దేశపు ఎగుమతులలో నూటికి ఎనుబది పాళ్ళకు మించినది కుట్టిన బట్టలే. సుమారు 40 లక్షల మంది ఆ పనిలో నున్నారు. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు.

ఈ స్త్రీలను కేవలము బాధితులుగా చూచుట వారికి అవమానము. పల్లెలో ఇంటి గడప దాటనివారు నగరమునకు వచ్చి, నెలజీతము చేతబట్టుకొని, తమ్ములకు బడి రుసుము కట్టిరి. కర్మాగారములకు చేరువనున్న గ్రామములలో బాలికలు ఎక్కువకాలము చదువుకొనుచున్నారనియు, పెండ్లి వయస్సు పెరిగినదనియు పరిశోధకులు గమనించిరి. రాట్నము పోయినప్పుడు స్త్రీ పోగొట్టుకొన్న స్వంత సంపాదన రెండువందల యేండ్లకు కుట్టుయంత్రముతో మరల ఆమె చేతికి వచ్చినదని చెప్పవచ్చును. ప్రపంచీకరణమును శాపమని తేల్చువారు ఈ మాటకు సమాధానము చెప్పవలెను.

సావర్‌లో నొక ఉదయము

వరమని తేల్చువారు సమాధానము చెప్పవలసినది మరియొకటి కలదు.

ఢాకా నగరమునకు చేరువనున్న సావర్‌లో రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనముండెను. పై అంతస్తులను అనుమతి లేకయే కట్టిరి. క్రింద నొక బ్యాంకు, దుకాణములు. పైన అయిదు కుట్టు కర్మాగారములు. 2013 ఏప్రిల్ 23న గోడలు బీటలు వారెను. బ్యాంకు మూసివేసిరి, ఉద్యోగులు మరునాడు రాలేదు. దుకాణములు తెరువలేదు. కుట్టుపనివారిని మాత్రము 24వ తేదీ ఉదయమున లోనికి పొమ్మనిరి. పోనివారికి జీతము పోవునని బెదరించిరని బ్రదికి బయటపడినవారు చెప్పిరి. పడమటి దేశములకు పంపవలసిన సరకునకు గడువు ముంచుకొని వచ్చుచుండెను. కరెంటు పోయెను, పై అంతస్తులలోని జనరేటర్లు కదలెను, కొన్ని నిమిషములలో భవనము కూలెను. 1,134 మంది మరణించిరి. సుమారు 2,500 మందిని శిథిలములనుండి ప్రాణములతో వెలికి తీసిరి.

భవనమొక్కటే, బీట యొక్కటే. బ్యాంకువారు బ్రదికిరి, కుట్టువారు చచ్చిరి. వారికిని వీరికిని తేడా యేమి? చదువు కాదు, తెలివి కాదు. బీటను ఇరువురును చూచిరి. నేను లోనికి రాను అని చెప్పగల శక్తి వారికి కలదు, వీరికి లేదు. ఆ శక్తి లేకపోవుటకు కారణము సావర్‌లో మాత్రమే లేదు. భవన యజమాని లోభము ఒక కారణము. అనుమతులు చూడని అధికారము ఒక కారణము. కార్మికసంఘమును గడప త్రొక్కనీయని కర్మాగారములు ఒక కారణము. వెల తగ్గించుమనియు, గడువు కుదించుమనియు దూరమునుండి ఒత్తిడి చేసిన కొనుగోలు సంస్థలు ఒక కారణము. చవుకైన చొక్కాకై చేయి చాచిన మనము ఈ గొలుసునకు కొస.

ఆ మరణములు వ్యర్థము కాలేదని చెప్పుట కఠినము. అయినను కొంత జరిగినది. అదే సంవత్సరము మే నెలలో కొనుగోలు సంస్థలును కార్మికసంఘములును కలిసి, న్యాయస్థానములో చెల్లునట్టి ఒడంబడిక చేసికొనిరి. దాని క్రింద 1,600కు మించిన కర్మాగారములను తనిఖీ చేసిరి. దోషములను బహిరంగముగా ప్రకటించిరి. బాగు చేయనివారితో వర్తకము మానిరి. ప్రమాదమున్నచోట పనిచేయ నిరాకరించు హక్కును ఒడంబడికలో వ్రాసిరి. ఆ వాక్యము వ్రాయుటకు 1,134 ప్రాణములు పోవలసివచ్చెను.

అంతటితో ఋణము తీరలేదు. 2020లో మహమ్మారి వ్యాపించి పడమటి దేశములలో దుకాణములు మూతపడగా, కొనుగోలు సంస్థలు పెక్కు కుట్టుచున్న బట్టలకు గూడ ఆర్డర్లు రద్దుచేసెను. ఆ దేశపు ఎగుమతిదారుల సంఘపు లెక్కలో ఆ రద్దుల విలువ 300 కోట్ల డాలర్లకు మించినది. ఒడ్డున నున్నవాడు త్రాడు వదలినచో మునుగువాడు ఎవడో మరల తెలిసివచ్చెను.

మన యింటి సంగతి

ఇదంతయు పొరుగుదేశపు కథయని ఊరకుండరాదు. 1991లో నూలు ధరలు పెరిగినప్పుడు ఆంధ్రప్రదేశమున నేతపనివారి ఆకలిచావులు పత్రికల కెక్కెను. 2019–20 చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ పనివారు కలరు. వారిలో నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలు. ఇంకొకవైపు అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున శ్రీలంక సంస్థ నెలకొల్పిన వస్త్రనగరములో చుట్టుప్రక్కల పల్లెల యువతులు వేలసంఖ్యలో దూరదేశముల కొరకు బట్టలు కుట్టుచున్నారు. మగ్గమువద్ద కూర్చున్న తల్లియు, కర్మాగారపు బస్సెక్కిన కూతురును లోకవాణిజ్యపు రెండు కొసలను పట్టుకొనియున్నారు.

మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనలో నేటికిని కొయ్యచ్చులతో కలంకారీ అద్దుచున్నారు. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుచున్నారు. రెండింటికిని భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కాని ఆ రూపములనే యంత్రముపై ముద్రించి, కలంకారీ యను పేరుతోనే అమ్మువారు విపణివీథిలో కోకొల్లలు. నాడు లండను నేతగానికి మన బట్ట పోటీ. నేడు మన అద్దకమునకు యంత్రపు ముద్ర పోటీ.

ఈ కథనుండి తలుపులు మూసికొనుటయే మేలని తేల్చుట తప్పు. తలుపులు మూసినచో కలబారీ స్త్రీ చేతికి రుమాలు చేరదు. బంగ్లాదేశపు పల్లెపిల్ల బడికి పోదు. తలుపులు బార్లా తెరచి చేతులు దులుపుకొనుటయు తప్పే. సరకు సముద్రము దాటినంత సులువుగా సరకు చేసినవాని మాట గూడ దాటవలెను. శాసనము, సంఘము, ఒడంబడిక, ఎరిగిన కొనుగోలుదారు, ఇవియే ఆ మాటకు ఓడలు.

ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. రేపు తరగతిలో పిల్లలను తమ చొక్కా మెడపట్టీ వెనుకనున్న చీటీని చదువుమనుడు. తిరుప్పూరు, ఢాకా, వియత్నాము, ఏదో యొకటి యుండును. చీటీ లేనిచో ఊరి దర్జీ కుట్టినది, అదియు వ్రాసికొనుడు. గోడపై పటము వ్రేలాడదీసి, ఆ యూళ్ళకును మన బడికిని నూలుదారము కట్టుడు. అప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. దీనిని కుట్టిన దెవరు? వారికి ముట్టిన దెంత? ఆ ఉదయము గోడ బీటవారినచో, లోనికి రానని చెప్పుటకు వారికి వీలుండెనా? మొదటి రెండింటికి సమాధానములు పుస్తకములలో వెదకవచ్చును. మూడవదానికి సమాధానము పిల్లలు పెరిగి పెద్దవారై, కొనువారై, అమ్మువారై, శాసనములు చేయువారై చెప్పవలసియుండును.